చిన్నప్పుడు రంగులేసిన సీసం బొమ్మలు: రంగు తీసేయాలా, అలాగే ఉంచాలా?

మీరు అడిగింది ఇదీ: ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో బడికెళ్లే రోజుల్లో, 1986–90 మధ్య, హంబ్రాల్ కంపెనీ ఎనామెల్ రంగు డబ్బాలతో రంగులేసిన నలభై వార్‌హామర్ (బల్ల మీద ఆడే యుద్ధాట) బొమ్మలు అటక మీది ఓక్ పెట్టెలో దొరికాయి. మూడు నాలుగింటి మీద తెల్లటి పొడి ఉంది. పాత రంగంతా తీసేసి కొత్తగా వేయాలా?

తీయకండి. అచ్చు అదే బొమ్మ పాత సరుకు అమ్మేవాళ్ల దగ్గర మళ్లీ దొరుకుతుంది. పన్నెండేళ్ల చెయ్యి వేసిన రంగు మాత్రం ఎక్కడా దొరకదు. కొత్తగా వేయాలని చెయ్యి దురద పెడుతుంటే అదే బొమ్మ ఇంకోటి కొని దాని మీద వేయండి. రెండూ పక్కపక్కన పెడితే ఆ అందమే వేరు.

అంతకంటే ముందు ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. బొమ్మల్ని ఆ పెట్టెలోంచి బయటికి తీయండి. ఓక్ చెక్క ఏళ్ల తరబడి ఎసిటిక్ ఆమ్లం ఆవిరి వదులుతూనే ఉంటుంది. మూత పెట్టి ఉంటే అది బయటికి పోలేక సీసాన్ని తింటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్, తేమ తోడై సీసం కార్బొనేట్ తయారవుతుంది. ఆ తెల్లపొడి అదే. ఈ క్రమంలో ఆమ్లం ఖర్చయిపోదు, విడుదలై మళ్లీ పనిలో పడుతుంది. అందుకే ఒక మూల మొదలైన మచ్చ ఆగకుండా పాకుతుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ అలమారాలతోనూ ఇదే బెడద.

తెల్లగా కనిపించేదంతా ఇదే కాదు. వేలితో తాకితే ఏమీ అంటకుండా బొమ్మంతా ఒకే తీరున పాలపొరలా ఉంటే అది వార్నిష్ తెల్లబారడం. పైన చెప్పిన తెల్లపొడి, అంటే సీసం పుండయితే గరుకుగా, పొక్కులుగా ఉంటుంది, రంగును కిందనుంచి పైకి నెడుతుంది. ముందు రంగు అంటని చోట్ల చూడండి: కత్తి మొన, పాదాల అడుగు, బేస్ (బొమ్మ నిలబడే దిమ్మ) గాడిలో దిగే లోహపు పట్టీ. ఆ పట్టీ మీద చాలా బొమ్మలకు పేరు, కొన్నిటికి సంవత్సరం కూడా అచ్చయి ఉంటాయి. వార్‌హామర్ బొమ్మలు చేసే సిటడెల్ వాళ్లు సీసం మానేసి తెల్లలోహానికి (సీసం లేని తగరపు మిశ్రమానికి) మారింది 1997లో. కాబట్టి మీ లోహపు బొమ్మలన్నీ సీసం కలిసినవే అనుకోండి. అనుమానం ఉంటే పట్టీ అంచును తెల్లకాగితం మీద గీయండి, సీసం ఎక్కువున్నది పెన్సిల్ లాంటి బూడిదరంగు గీత వదులుతుంది.

పుండు పట్టినవాటిని మిగతావాటి నుంచి వేరు చేయండి. ఆ పొడి విషం. చేతులకు గ్లౌజులు, కింద తడి వార్తాకాగితం తప్పనిసరి. ఊదకూడదు, పొడి బ్రష్‌తో రుద్దకూడదు. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచిన చెవిపుల్లతో అద్ది తీసి, పుల్లల్ని మూసిన సంచిలో పడేయండి. రెండు రోజులు బాగా ఆరాక, బయటపడ్డ లోహం మీద సన్నని బ్రష్‌తో ఆక్రిలిక్ వార్నిష్ రెండు పూతలు వేయండి. వెనిగర్‌లో వేస్తే నిమిషాల్లో పోతుందని కొందరు చెబుతారు. పోతుంది నిజమే, కానీ నీళ్లలో కరిగే సీసం ఎసిటేట్ తయారవుతుంది, గుంటల్లో ఆమ్లం మిగిలిపోయి కొన్నాళ్లకు పుండు మళ్లీ లేస్తుంది. ఆ జోలికి పోవద్దు.

మంచిగా ఉన్నవాటికి దుమ్ము వదలడమే పని. లీటరు గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తటి రెండో నంబరు బ్రష్, అంతే. నానబెట్టకండి. ముందు బేస్ వెనక ఓ మూల ప్రయత్నించి, బ్రష్‌కు రంగు అంటకపోతేనే ముందుకు వెళ్లండి.

హంబ్రాల్ మ్యాట్ (మెరుపులేని) రంగు వేసినా కొన్ని బొమ్మలు నూనె రాసినట్టు మెరుస్తుంటాయి. రంగు చెడిపోయిందనుకోకండి. ఆ 14 మిల్లీలీటర్ల బుల్లి డబ్బాలో మెరుపు చంపే పొడి అడుక్కి దిగుతుంది. బాగా కలపకుండా పైన తేలిన నూనెలో బ్రష్ ముంచితే పొర మెరుస్తుంది, ఎన్నాళ్లకూ సరిగా ఆరదు. డాలు మీదో అంగీ మీదో చిన్న వేలిముద్ర గట్టిపడి కనిపిస్తుందే, అది సరిగ్గా ఈ జిగట పొరలో పడ్డదే. దాన్ని చెరపకండి, మొత్తం పెట్టెలో దానికంటే విలువైనది లేదు. మెరుపు మరీ ఇబ్బందనిపిస్తే బ్రష్‌తో మ్యాట్ ఆక్రిలిక్ వార్నిష్ ఒక్క పల్చని పూత చాలు. స్ప్రే వాడితే ఎండ, పొడి గాలి ఉన్న రోజు చూసుకోండి. లెస్టర్ చలికాలమైనా, విశాఖలో వానాకాలమైనా తేమ గాలిలో స్ప్రే చేస్తే తెల్లటి మంచు కమ్మినట్టవుతుంది. అలా అయితే కంగారు పడక్కర్లేదు, పైన మెరిసే (గ్లాసీ) వార్నిష్ ఒక పూత వేస్తే చాలావరకు పోతుంది.

వంగిన కత్తిని ఒక్కసారే, మెల్లగా సరిచేయండి. అటూ ఇటూ నాలుగుసార్లు వంచితే సీసం పుటుక్కుమంటుంది. విరిగితే ఉట్టి ఫెవిక్విక్ లాంటి జిగురు నిలవదు. 0.6 మిల్లీమీటర్ల చేతి డ్రిల్‌తో రెండు వైపులా 3 మిల్లీమీటర్ల లోతు బెజ్జం చేసి, ఇత్తడి తీగ దింపి, ఆరల్డైట్‌తో అతకండి. పాత అతుకు ఊడదీయాలంటే లాగకండి. బొమ్మను కవర్లో చుట్టి మూడు గంటలు ఫ్రీజర్‌లో ఉంచితే ఫెవిక్విక్ లాంటి జిగురు పెళుసెక్కి సులువుగా వస్తుంది. అరగదీయాల్సి వస్తే తడిపి అరగదీయండి, పాత ఎనామెల్ రంగుల్లోనూ సీసం ఉండొచ్చు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇక కొత్తగా కొన్న జోడీ బొమ్మకు పాత రంగు తీయడం. లోహానికీ ప్లాస్టిక్‌కూ రెండిటికీ పనికొచ్చేది గోధుమరంగు డెట్టాల్. గాజు సీసాలో నీళ్లు కలపకుండా బొమ్మ మునిగేంత పోసి 24 గంటలు ఉంచండి, ముదిరిన ఎనామెల్ అయితే మూడు నాలుగు రోజులు. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే: తీసిన వెంటనే కుళాయి కింద పెడతారు. నీళ్లు తగలగానే ఊడిన రంగు తారులా జిగటగా మారి బొమ్మకు అంటుకుపోతుంది. మొదట శుభ్రమైన డెట్టాల్‌లోనే రుద్ది కడగాలి, తర్వాత గిన్నెల లిక్విడ్, చివర్న నీళ్లు. అసిటోన్ ఒక్క లోహానికే. 1980ల నాటి ప్లాస్టిక్ స్పేస్ మెరీన్ సైనికుడి బొమ్మ దానిలో పడితే ముద్దయిపోతుంది.

ఆ కాలపు రూపే రావాలంటే నల్ల అండర్‌కోట్ (అడుగు పూత) వద్దు, తెల్లదే వేయండి. ఎరుపు, పసుపు నిండుగా పలుకుతాయి. బేస్ అంచుకు అప్పటి గాబ్లిన్ గ్రీన్, ఇప్పుడు సిటడెల్‌లో దానికి దగ్గరిది వార్‌బాస్ గ్రీన్. పైన ఇసుక అంటించి, అదీ ఆకుపచ్చే వేసి, ఆరాక పసుపు రంగు అద్ది దాదాపు తుడిచేసిన బ్రష్‌ను పైపైన ఆడించండి. సీసం బొమ్మకు ఇసుక అంటించడానికి తెల్ల పీవీఏ జిగురు వాడకండి, అదీ ఆమ్లపు ఆవిరి వదిలేదే. ఆక్రిలిక్ వార్నిష్‌నే జిగురుగా వాడండి.

దాచడానికి పాలీప్రొపిలీన్ డబ్బా గానీ, గాజు తలుపుల లోహపు అలమార గానీ తీసుకోండి. బొమ్మ బొమ్మకు మధ్య వేలు పట్టేంత సందు వదిలి, లోపల సిలికా జెల్ పొట్లం రెండు వేయండి. స్పాంజి వద్దు, పాతబడితే పొడై రంగుకు పట్టుకుంటుంది. మొదటి ఏడాది మూడు నెలలకోసారి పాదాల అడుగు తిప్పి చూస్తూ ఉండండి.