చిన్న గదుల తేనెపట్టు వేస్తే వరోవా నల్లి తగ్గుతుందా?

మీ ప్రశ్న చదివాను. రెండు తేనె పెట్టెలున్నాయి, మందులు వేయడం ఇష్టం లేదు, 4.9 మిల్లీమీటర్ల ఫౌండేషన్ షీట్లు (ఈగలు పట్టు కట్టడానికి ఫ్రేములో బిగించే, గదుల అచ్చున్న పలకలు) పెడితే ఈగల్ని, వాటి పిల్లల్ని పట్టి పీడించే వరోవా నల్లి దానంతటదే అదుపులో ఉంటుందని వీడియోల్లో చెబుతున్నారు, నిజమేనా అంటున్నారు. నా అనుభవంలో నిజం కాదండీ. మేముండేది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు కాస్త ఉత్తరాన. ఇంటి వెనక పెట్టుకున్న పెట్టెల్లో మీరనుకుంటున్న పనే చేసి చూశాను.

ఈ ఆలోచనకు పేరు తెచ్చింది అరిజోనాలోని ఎడ్, డీ లస్బీ దంపతులు. ఫౌండేషన్ తయారుచేసేవాళ్లు గది వెడల్పును 5.4 మిల్లీమీటర్ల దాకా పెంచేశారు, ఈగ కూడా పెద్దదైపోయింది, పాత కొలతకు తిరిగి వెళ్తే నల్లి పెరగదు అని వాళ్ల వాదన. కొట్టిపారేసే మాట కాదు. తల్లి నల్లి, ఈగ పిల్ల ఉన్న గదికి ఈగలు మూత వేసే ముందు లోపలికి దూరుతుంది. దాదాపు మూడు రోజులకు మొదటి గుడ్డు పెడుతుంది, ఆ తర్వాత సుమారు 30 గంటలకు ఒకటి చొప్పున పెడుతూ పోతుంది. కూలి ఈగ మూత కింద ఉండేది 12 రోజులే. గది ఇరుకై, ఈగ ఒక రోజు ముందే బయటికొస్తే చివరి నల్లి పిల్లలు ఎదగకుండానే చచ్చిపోవాలి. కాగితం మీద లెక్క బాగానే ఉంది.

నేను ఒకే కాలనీని చీల్చి, అక్కచెల్లెళ్లయిన రాణులతో జతలు చేశాను. ఒకదానికి మామూలు పట్టు, రెండోదానికి చిన్న గదుల పట్టు. అన్నీ ఒకే చోట, ఒకే మేత. పెద్ద గదుల్లో పుట్టిన ఈగలకు 4.9 షీటు ఇస్తే సరిగ్గా కట్టవు. మధ్యలో 5.2 గదులు వస్తాయి, అంచుల్లో పోతుటీగల గదులు కలిపేస్తాయి. స్కేలు పెట్టి వరసగా పది గదులు కొలవండి, 49 మిల్లీమీటర్లు రావాలి. నాకు మైనం షీట్ల కంటే ప్లాస్టిక్ ఫ్రేముల మీద కొలత బాగా నిలిచింది. షీటు మీద అచ్చు చూసి చిన్న గదులు వచ్చేశాయనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు కొలవరు.

అసలు విషయం నల్లులు లెక్కపెట్టడం. పిల్లలున్న ఫ్రేము మీద నుంచి అర కప్పు ఈగలు, అంటే దాదాపు 300, ఆల్కహాల్‌లో వేసి ఊపి, కింద పడిన నల్లుల్ని లెక్కపెట్టి మూడుతో భాగిస్తే నూటికి ఎన్నో తెలుస్తుంది. రాణి అందులో పడకుండా ముందే చూసుకోవాలి. ఈగలు చస్తాయి కదా అని చాలామందికి మనసొప్పదు. వేసవిలో రాణి రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది, కాలనీకి అది లెక్కలోది కాదు.

మే, జూన్‌లో అన్ని పెట్టెల్లోనూ నల్లి తక్కువే. గెలిచేశామని వీడియోలు పెట్టేది కూడా అప్పుడే. మా వైపు ఈగలకు మేతనిచ్చే తులిప్ పోప్లర్ చెట్ల పూత మే నెలతో అయిపోతుంది, జూలై తర్వాత మేత కరువు. రాణి గుడ్లు తగ్గిస్తుంది, ఈగలు తగ్గుతాయి, నల్లి మాత్రం తగ్గదు. ఆగస్టులో లెక్కపెడితే మామూలు పట్టున్న పెట్టెలూ చిన్న గదుల పెట్టెలూ రెండూ నూటికి మూడు దాటేశాయి. అన్నింట్లోకీ ఎక్కువ నల్లి ఉన్నది ఒక చిన్న గదుల పెట్టెలోనే. దాని ముందు రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు నేల మీద పాకుతూ కనిపించాయి. మరుసటి ఏడూ కథ మారలేదు.

నా పెరట్లో నాలుగు పెట్టెలు చూసి తీర్పు చెప్పడం లేదు. మా రాష్ట్రంలోనే జార్జియా విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పరీక్షల ఫలితాలు 2010లో వచ్చాయి. ఒక పరీక్షలో చిన్న గదుల కాలనీల్లో నూటికి 5.1 నల్లులు, మామూలువాటిలో 3.3. అంటే తగ్గకపోగా పెరిగాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో తేనెటీగల శాస్త్రవేత్త థామస్ సీలీ 2011లో ఇంకో ముక్క చెప్పారు. 5.4 గదిలో ఈగ ఛాతీ గది వెడల్పులో 73 శాతం నింపితే, 4.8 గదిలో 79 శాతం నింపుతుంది. నల్లికి చోటు లేకుండా పోయేంత తేడా ఏమీ లేదు.

మరి అరిజోనాలో ఎలా నడుస్తోందని అడుగుతారు. అక్కడికి 1993 నాటికే ఆఫ్రికా జాతి కలిసిన ఈగలు వచ్చేశాయి. వాటికి నల్లిని తట్టుకునే గుణం బాగా ఉంది, సహజంగానే చిన్న గదులు కడతాయి. రెండూ ఒకే ఈగలో ఉన్నంత మాత్రాన ఒకదానివల్ల ఇంకొకటి వచ్చినట్టు కాదు. మన ఊళ్లలోని పుట్ట తేనెటీగదీ అంతే. గదులు చిన్నవని కాదు, వరోవా వాటిలో ప్రధానంగా పోతుటీగల గదుల్లోనే పిల్లల్ని పెట్టగలదు, అందుకే హద్దులో ఉంటుంది.

ఆ బలహీనతనే మనం వాడుకోవచ్చు. మన పెట్టెల్లోని ఐరోపా ఈగల్లోనూ నల్లికి పోతుటీగల గదులంటే చాలా ఇష్టం. పోతుటీగల ఫ్రేము (వాటికి సరిపోయే పెద్ద గదులున్నది) ఒకటి పెట్టి, మూతలు పడ్డాక తీసి ఫ్రీజర్‌లో పెట్టండి. గుడ్డు పెట్టిన నాటి నుంచి పోతుటీగ బయటికి రావడానికి 24 రోజులు పడుతుంది. ఆ తేదీ ఫోన్‌లో పెట్టుకోండి, మరిచిపోతే నల్లుల్ని మీరే పెంచినట్టవుతుంది. దీంతో పాటు నల్లి పట్టిన పిల్లల్ని ఏరిపారేసే గుణమున్న రాణుల్ని కొనండి. డబ్బు షీట్ల మీద కాకుండా రాణి మీద పెట్టడమే మేలని నా అభిప్రాయం.

ఇవన్నీ చేసినా ఆగస్టులో నూటికి మూడు దాటితే, రాణిని మూడు వారాలు పంజరంలో ఉంచి, మూత వేసిన గదులు ఖాళీ అయ్యాక ఆక్సాలిక్ ఆమ్లం వేయండి. మూత కింది నల్లిని చంపడం దానివల్ల కాదు, అందుకే ఈ విరామం. దాన్ని మందు అనుకుంటారో లేదో మీ ఇష్టం. ఫార్మిక్ ఆమ్లం మూతల్లోంచి కూడా పనిచేస్తుంది కానీ 85 ఫారెన్‌హీట్ దాటిన ఎండల్లో వేయకూడదు, మా ఆగస్టుకు పనికిరాదు.

4.9 షీట్లు ఇప్పటికే కొనేసి ఉంటే పారేయకండి, ఈగలు వాటి మీదా బాగానే పెరుగుతాయి. లెక్కపెట్టడం మాత్రం జూలై నుంచే మొదలుపెట్టండి.