మెడనొప్పి, నడుమునొప్పి, కడుపుబ్బరం: చెల్లెలి కూతురికి పెద్దమ్మ ఉత్తరం

అమలాపురం

చి. ల. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. మెడ పట్టేయడం, నడుమునొప్పి, మాటిమాటికీ తలనొప్పి, తిన్నది అరగక కడుపుబ్బరం, ఇన్నీ ఒక్క మనిషికే ఎందుకు చుట్టుకున్నాయో ఎవరికీ అంతుపట్టడం లేదని వాపోయావు. ఇవన్నీ అమ్మ పోయిన ఏడాదే మొదలయ్యాయని ఉత్తరం చివర, ఏదో తారీకు గుర్తుకోసం అన్నట్లు, ఒక్క ముక్క రాసి వదిలేశావు. నాకు మాత్రం ఆ ముక్కే ముఖ్యమనిపించింది.

అయితే ఏ నొప్పినీ మనసువల్ల వచ్చిందని మనంతట మనమే తేల్చుకోకూడదు. కాళ్లలో బలం తగ్గడం, కూర్చునే చోట తిమ్మిరి, మలమూత్రాలు అదుపు తప్పడం, కారణం లేకుండా బరువు తగ్గిపోవడం, విడవని జ్వరం, ఒక్కసారిగా వచ్చే భరించలేని తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా ఈ ఉత్తరం పక్కన పడేసి ఆసుపత్రికి వెళ్లాలి. నువ్వు థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకున్నావు, ఎముకల డాక్టరూ కడుపు డాక్టరూ కూడా పెద్ద జబ్బేదీ లేదన్నారు గనుకనే మిగతాది రాస్తున్నాను.

ఎమ్మారై రిపోర్టులో వెన్నుపూసల మధ్య గుజ్జు (డిస్కు) అరిగిందన్న ఒక్క వాక్యం నిన్ను బాగా బెదరగొట్టినట్లుంది. నడుమునొప్పి బొత్తిగా లేని 3,110 మంది స్కానుల వివరాలను 2015లో ఒకచోట చేర్చి చూస్తే, 30 ఏళ్లవారిలో సగం మందికి, 50 ఏళ్లవారిలో 80 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. నలభై దాటిన నీకు అది ఉండటంలో వింతేమీ లేదు. పైగా మీ ఆడపడుచు కూతురి పెళ్లిలో రోజంతా నిలబడి తిరిగినా నడుము అడ్డు రాలేదని, మర్నాడు అన్నయ్య ఫోను రాగానే మెడ బిగుసుకుపోయిందని నువ్వే రాశావు. అరుగుదల ఒక రోజు ఉండి మరొక రోజు మాయమయ్యేది కాదు కదా.

అలాగని నీ నొప్పి ఉత్తుత్తిదని నేననను, అన్నవాళ్ల మాట నువ్వు వినవద్దు. నొప్పి ఎక్కడ తగిలినా దాన్ని తయారుచేసేది మెదడే. 1995లో బ్రిటన్ వైద్య పత్రికలో ఒక తాపీ కూలీ ఉదంతం వచ్చింది. పెద్ద మేకు బూటులోంచి పైకి దూసుకువచ్చేసరికి అతడు నొప్పితో విలవిలలాడాడు, కాలు కదిపితే ప్రాణం పోయేంత బాధ. మత్తిచ్చి బూటు విప్పితే మేకు రెండు వేళ్ల మధ్యనుంచి వెళ్లింది, చర్మం గీరుకోనైనా లేదు. అతడు నటించలేదు, మెదడు ప్రమాదముందని నమ్మింది, అంతే. దొంగను చూసి మొరగడం మరిగిన కుక్క పాలవాణ్ణి చూసినా మొరిగినట్లు, నెలల తరబడి ఆందోళనలో ఉన్న ఒళ్లు చిన్న కదలికకు కూడా కేకలు పెడుతుంది. కండరాలు బిగిసి ఉంటాయి, నిద్ర తగ్గుతుంది, పేగుల కదలిక గతి తప్పుతుంది, చోటు ఏదైనా కారణం ఒకటే కావచ్చు.

ఇక అసలు సంగతి. అమ్మ పెద్దకర్మ నాడు వచ్చినవాళ్లందరికీ వడ్డిస్తూ తిరిగావే తప్ప కంటతడి పెట్టలేదు. చూసినవాళ్లు ఎంత గట్టిపిల్లో అని మెచ్చుకున్నారు, ఆ మెప్పు నాకేమీ నచ్చలేదు. నెల తిరగకుండానే అన్నయ్య కొబ్బరితోట కాగితాలు ముందు పెడితే కిక్కురుమనకుండా సంతకం చేశావు. ఆ దుఃఖమూ ఆ కోపమూ ఎక్కడికీ పోలేదని నా నమ్మకం.

వాటిని బయటపెట్టడానికి నాకు పనికొచ్చిన దారి కాగితం. బడిలో పైఅధికారి మాటలకు బదులు చెప్పలేక నిద్రలో పళ్లు కొరికి దవడ నొప్పి తెచ్చుకున్న రోజుల్లో నేను దాన్నే పట్టుకున్నాను, తగ్గడానికి నెలలు పట్టింది. ఇంట్లో అందరూ భోంచేసి నడుం వాల్చిన మధ్యాహ్నం వేళ తలుపు గడియ పెట్టుకుని పావుగంటో ఇరవై నిమిషాలో రాయి. ఫోనులో వద్దు, ఎవరో ఒకరి కంట పడుతుంది. దస్తూరీ చూడకు, తప్పులు దిద్దకు. "అన్నయ్య మంచివాడే కానీ" అని మొదలుపెట్టకుండా ఆ "కానీ" తరువాత వచ్చేదే తిన్నగా రాయి. ఆసుపత్రిలో అమ్మ నిన్ను విసుక్కున్న రోజుల మీద కోపముంటే అదీ రాయి, పోయినవాళ్ల మీద కోపం పాపమనుకుని దాచేదే అన్నిటికన్నా లోతుగా దిగుతుంది. ఏడుపొస్తే ఆపుకోకు. అయ్యాక మళ్లీ చదవకుండా చింపి పారెయ్యి.

1986లో జేమ్స్ పెన్నిబేకర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విద్యార్థుల చేత నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు ఇలాగే తమ బాధలను రాయించాడు. రాసిన వెంటనే వాళ్ల మనసు మరింత బరువెక్కింది, తరువాతి నెలల్లో మాత్రం వైద్యుని దగ్గరకు వెళ్లడం తగ్గింది. కాబట్టి మొదటి సాయంత్రం దిగులు ఎక్కువైతే కంగారుపడకు. అది రోజుల తరబడి వదలకపోయినా, బతుకు మీద విరక్తి పుట్టినా వెంటనే 14416కు ఫోను చెయ్యి. అది మనసు బాధలో ఉన్నవారికి సాయం చేసే ప్రభుత్వపు ఫోను సేవ టెలీమానస్, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

నొప్పికి భయపడి మానేసిన పనులను కొద్దికొద్దిగా తిరిగి మొదలుపెట్టు. పొద్దున్నే కాలువ గట్టు మీద లాకుల దాకా నడువు, నొప్పి వస్తే నిలబడి, ఇది బిగువే గాని గాయం కాదని నీకు నువ్వే చెప్పుకుని మరి నాలుగడుగులు వెయ్యి. అమెరికాలోని కొలరాడోలో ఎన్నాళ్లుగానో నడుమునొప్పి ఉన్న 151 మందిపై జరిపిన పరీక్షలో, నాలుగు వారాలపాటు నిపుణుల దగ్గర ఇలాంటి శిక్షణ పొందినవారిలో 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో దాదాపుగానో పోయింది, మామూలు చికిత్సలో ఉన్నవారిలో అది 10 శాతమే. వాళ్లవి మరీ తీవ్రమైన నొప్పులు కావన్నది కూడా గుర్తుంచుకో.

అన్నయ్యతో మాట్లాడటానికి తొందరలేదు. కాగితం మీద కోపం చల్లారాక, వదిన లేని వేళ చూసి, "సంతకం అడిగిన పద్ధతి నన్ను బాధపెట్టింది, తోట లెక్కలు నాకూ చూపించు" అని రెండే మాటలు చెప్పు. అతడు ఒప్పుకోకపోయినా నువ్వు చెప్పడం జరుగుతుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మందుల సంచీ, రిపోర్టులన్నీ వెంట తెచ్చుకో. నొప్పి వచ్చినప్పుడల్లా ఊళ్లో వేయించుకుంటున్న ఆ ఇంజెక్షను ఏమిటో చీటీ మీద రాయించుకురా, నొప్పి మందులు అదేపనిగా వాడితే కడుపుకూ మూత్రపిండాలకూ చేటు. ఏది ఉంచాలో ఏది తగ్గించాలో డాక్టరుగారినే అడుగుదాం, అంతవరకు రోజువారీ మందులేవీ నీ అంతట నువ్వు ఆపవద్దు.

ఇట్లు,
మీ పెద్దమ్మ