మధ్య చెవి ఎముకలు ఏం చేస్తాయో మా అమ్మ చెవి దగ్గర తెలుసుకున్నాను

“మధ్య చెవిలోని మూడు ఎముకలు శబ్దాన్ని లోపలికి ఎలా పంపుతాయి? అవి పనిచేయకపోతే ఇక అసలు వినపడదా?” అని ఒకరు అడిగారు. వినపడుతుంది. బాగా తగ్గిపోతుంది కానీ, పూర్తిగా ఆగిపోదు. మా అమ్మని చూశాను కాబట్టి ఇంత ధీమాగా చెబుతున్నాను.

అమ్మకి నలభై దాటాక రెండు చెవులూ మందగించాయి. ఇంట్లో ఫ్యాను కట్టేసి పక్కనే కూర్చుని మాట్లాడితే “ఏంటీ?” అనేది. పిండిమర దగ్గర అంత రొదలో మాత్రం మర ఆడించే ఆయన అడిగినవాటికి టకటకా జవాబు చెప్పేది. “కావాలని విననట్టు ఉంటోంది” అన్నారు చుట్టాలు. కొన్నాళ్లు నేనూ అలాగే అనుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. రొదలో అందరూ గొంతు పెంచి మాట్లాడతారు. ఆ రొద మాత్రం అమ్మకి మనకు చేరినంత చేరదు. సంగతి అంతే.

ఇంకొకటి. చెవుడు వస్తే మనిషి అరిచి మాట్లాడతాడని అనుకుంటాం కదా, అమ్మ గొంతు రానురాను తగ్గింది. తన మాట తల ఎముకల గుండా తనకి పెద్దగా వినపడేది. అప్పడం నమిలితే తలంతా కరకరమంటోందనేది. మేమెవరం దాన్ని పట్టించుకోలేదు.

ముందు చెవి మిషన్లు అమ్మే ఒక షాపుకి తీసుకెళ్లాం. పది నిమిషాల్లో “నరం బలహీనం, రెండు చెవులకీ మిషన్ పెట్టాల్సిందే” అని తేల్చేశారు. డబ్బు కట్టాం. కుయ్యిమంటోందని అమ్మ వారానికే తీసి బీరువాలో పెట్టేసింది. ఆ తర్వాతే ఈఎన్‌టీ డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాం.

ఆయన సొరుగులోంచి ఒక ట్యూనింగ్ ఫోర్క్ తీశారు. రెండు కాళ్ల ఇనుప చువ్వ, దాని మీద 512 అని చెక్కి ఉంది. మోచేతికి కొట్టి అమ్మ చెవి ముందు పెట్టారు. లీలగా ఉందన్నట్టు అమ్మ చెయ్యి ఊపింది. మళ్లీ కొట్టి, ఈసారి దాని అడుగు చెవి వెనక ఎముకకి ఆనించారు. అమ్మ ఉలిక్కిపడి నా వైపు చూసింది. “గుడిలో గంట కొట్టినట్టుంది” అంది. డాక్టర్ గారు నవ్వి, “నరం బాగానే ఉందమ్మా. దారిలో ఎముక బిగుసుకుంది” అన్నారు.

ఆ ప్రశ్నకి జవాబు ఆ రెండు దెబ్బల్లోనే ఉంది. చెవి ముందు పెడితే శబ్దం ఆ మూడు ఎముకల మీదుగా వెళ్లాలి. చెవి వెనక ఆనిస్తే వాటితో పని లేకుండా తల ఎముక గుండా నేరుగా లోపలి చెవికి చేరుతుంది. లోపలి చెవి నిండా ద్రవం ఉంటుంది. కాలవలో మునిగితే గట్టు మీద వాళ్ల కేకలు ఎంత తక్కువగా వినపడతాయో ఈత వచ్చినవాళ్లకి తెలుసు. గాలిలోంచి నీటిని తాకిన శబ్దశక్తిలో వెయ్యి పాళ్లకి 999 దాకా వెనక్కే పోతుంది. ఈ నష్టం తగ్గించడానికే మూడు ఎముకలు. కర్ణభేరిలో కదిలే భాగం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. చివరి ఎముక పాదం ఆనే లోపలి చెవి కిటికీ 3 పైచిలుకు మాత్రమే. గోడకి గుండుపిన్ను గుచ్చేటప్పుడు బొటనవేలి బలమంతా మొనకి చేరినట్టు, కర్ణభేరి మీద పడ్డ ఒత్తిడి ఆ చిన్న చోటికి చేరి 17 రెట్లు అవుతుంది. మొదటి ఎముక కాడ రెండోదాని కన్నా కాస్త పొడుగు. ఆ మీటతో ఇంకో 1.3 రెట్లు. వెరసి 22 రెట్లు. ఎముకలు కొత్తగా శక్తిని పుట్టించవు. పెద్ద చోటున పడ్డ మెత్తని కదలికని చిన్న చోటున గట్టి తోపుగా మారుస్తాయి.

మన పాఠ్యపుస్తకాల్లో వీటి పేర్లు వరసగా కూటకం, దాగలి, అంకవన్నె. పరీక్ష కోసం బట్టీ పట్టాను. అంకవన్నె అంటే గుర్రం ఎక్కేవాడు కాలు పెట్టే రికాబు అని ఒక్క మాస్టారూ చెప్పలేదు. బొమ్మ గీసి ఆ ఒక్క మాట చెప్పినా జన్మలో మర్చిపోయేవాణ్ణి కాదు. మూడు మిల్లీమీటర్ల ఎముక అది, ఒంట్లో అన్నిటికన్నా చిన్నది. అమ్మకి దాని పాదం చుట్టూ కొత్త ఎముక పెరిగి కదలకుండా పట్టేసింది. ఓటోస్క్లెరోసిస్ అంటారు. కొన్ని వంశాల్లో వస్తుంది. మా పెద్దమ్మకీ చెవుడే. ఆవిడ చెవిలో ఏళ్ల తరబడి వేడి నూనె పోశారు. నూనెకీ అంకవన్నెకీ సంబంధమే లేదు. మధ్యలో కర్ణభేరి అడ్డంగా ఉంటుంది. దయచేసి ఎవరి చెవిలోనూ పోయకండి.

ఆపరేషన్ చెవి వరకే మత్తిచ్చి చేశారు. బిగుసుకున్న అంకవన్నె పైభాగం తీసేసి, పాదానికి చిన్న రంధ్రం పెట్టి, అంకవన్నె బదులు దాగలికి ఒక టెఫ్లాన్ పిస్టన్, అంటే చిన్న ప్లాస్టిక్ పుల్లలాంటిది, తగిలించారు. అది నాలుగు మిల్లీమీటర్లు ఉంటుందేమో, బియ్యపు గింజ కన్నా చిన్నది. 1956లో అమెరికాలోని మెంఫిస్‌లో జాన్ షే అనే డాక్టర్ మొదలుపెట్టిన ఆపరేషన్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. రెండు రోజులు అమ్మకి కళ్లు తిరిగాయి, ముక్కు చీదకూడదన్నారు. నాకు మాత్రం నెల రోజులు టెన్షనే.

చెవి మిషన్ చెడ్డదని నేననను. ఈ జబ్బులోనూ కొందరికి అదే నయం. కానీ ట్యూనింగ్ ఫోర్క్ చెవి ముందూ వెనకా పెట్టి చూడకుండా నరం పోయిందనేవాళ్ల మాట మీద ఒక్క రూపాయి కట్టకండి. నిమిషం కూడా పట్టదు ఆ పరీక్ష.

మూడు నెలలకి మళ్లీ చూపించాం. డాక్టర్ గారు అదే ఫోర్క్ కొట్టి చెవి ముందు పెట్టి, వినపడినంతసేపు చెయ్యి ఎత్తి ఉంచమన్నారు. పక్క కుర్చీలో ఉన్న నాకు ఆ సద్దు ఆగిపోయింది. అమ్మ చెయ్యి మాత్రం ఇంకా పైనే ఉంది.