హెల్మెట్ గ్లాస్ మసకబారుతున్నది ఎండకా, ఇసుకకా?

హనుమకొండ నుంచి భూపాలపల్లికి రోజూ బండి మీద వెళ్తున్నానని, కొన్న కొద్ది నెలలకే హెల్మెట్ గ్లాస్ మసకబారిందని, ఇది ఎండ వల్లా లేక నాసిరకం సరుకా అని అడిగారు. పరకాల మీదుగా నేనూ అదే రోడ్డున తిరుగుతాను. నన్నడిగితే ఇది లారీల నుంచి రాలే ఇసుక పని.

ఎండకు పాడైన ప్లాస్టిక్ సాధారణంగా పసుపుపచ్చగా మారుతుంది. మీది తెల్లగా, పొగ పట్టినట్టు ఉంటే చీకటి గదిలో గ్లాస్ వెనక నుంచి ఫోన్ టార్చ్ కొట్టి చూడండి. లైటు చుట్టూ సన్నటి గీతలు కనిపిస్తే అవి పొడిగుడ్డతో తుడవడం వల్ల పడ్డవి. పిండి చల్లినట్టు చుక్కలు మెరిస్తే రేణువులు కొట్టిన గుంటలు. నా పాత గ్లాస్‌ను భూతద్దంతో చూస్తే ముందు భాగంలో గుంటలు గుండ్రంగా ఉన్నాయి. పక్కకు వంపు తిరిగే చోట మాత్రం పొడుగ్గా సాగి, ఒక కొసన అంచు లేచింది. ఏటవాలుగా వచ్చిన రేణువు ప్లాస్టిక్‌ను చెక్కుకుంటూ పోతుంది. హెల్మెట్ గ్లాస్ చేసే పాలీకార్బొనేట్ లాంటి ప్లాస్టిక్‌లు నేరుగా తగిలే దెబ్బకన్నా 20, 30 డిగ్రీల కోణంలో తగిలే దెబ్బకే ఎక్కువ అరుగుతాయి. గాజు దీనికి సరిగ్గా తలకిందులు.

ఆ దారిలో బొగ్గు లారీలు కూడా ఉన్నాయి కదా అంటారేమో. బొగ్గు మెత్తన, నల్లగా చేస్తుందే గానీ అంతగా కోయదు. ఇసుకలో, గ్రానైట్ దుమ్ములో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం గట్టిదనం, గీతకు ఎంత ఆగుతుందో కొలిచే మోస్ స్కేలు మీద 7, గాజుది 5.5 దగ్గర. అంటే అది గాజునే గీయగలదు. మన గ్లాస్ మీద గట్టి పూత ఉన్నా దాని మందం కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అది లేచిపోతే ఇక అడ్డేమీ ఉండదు. పగలు పెద్దగా తెలియదు. రాత్రి ఎదురు లారీ లైటు పడగానే ఆ గుంటలన్నీ వెలుగును చెదరగొట్టి గ్లాసంతా తెల్లబడుతుంది. ఆ కాసేపు ముందు గేదె అడ్డంగా నిలబడినా కనిపించదు. నాకు భయం అక్కడే.

టూత్‌పేస్ట్‌తో రుద్దమని ఎవరు చెప్పినా వినకండి, మిగిలిన పూత కూడా పోతుంది. పెట్రోలు, థిన్నర్ తగిలితే పగుళ్లు వస్తాయి. గ్లాస్ మార్చడమే మంచిది, చాలా హెల్మెట్లకు విడిగా దొరుకుతుంది.

కొత్తది నిలవాలంటే పట్టా కప్పని ఇసుక లారీ వెనక ఉండకండి. వేగం 40 నుంచి 60కి పెరిగితే అదే రేణువు దెబ్బ శక్తి రెండింతలు దాటుతుంది. ఇంటికెళ్లాక తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచండి, దుమ్ము నానాక నీళ్లు పోసి, సబ్బునురగతో వేళ్లతోనే కడగండి.