కొండ మీద క్వారీ వస్తోందట, కాగితం ఎవరూ చూపించడం లేదు!

ప్రశ్న: మాది గోదావరి డెల్టా అంచున, రాజానగరం వైపు మెట్టకు ఆనుకుని ఉన్న ఊరు. మా కొండ మీద గ్రావెల్ క్వారీకి లీజు అడిగారని, దిగువన లేఅవుట్ కూడా వేస్తారని అంటున్నారు. ఊళ్లో పదిమందిమి కలిసి ఈ ఫైళ్లపై కన్నేసి ఉంచాలనుకుంటున్నాం. సంఘం రిజిస్టర్ చేయించాలా? అసలు మాకు అడిగే హక్కుందా?

జవాబు: హక్కుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తు మాత్రం సంఘం పేరుతో కాకుండా ఒకరి సొంత పేరుతో పెట్టండి. ఆ చట్టం హక్కు ఇచ్చింది పౌరుడికి.

ముందు కొండ సర్వే నంబరు పట్టుకోండి. అది పోరంబోకా, పట్టానా, అటవీ భూమా అన్నదాన్ని బట్టి మిగతా దారి తేలుతుంది. 'మా ఊరి కొండ' అని రాస్తే ఏ ఆఫీసులోనూ ఫైలు దొరకదు! ఆ నంబరుతో గనుల శాఖను లీజు దరఖాస్తు, తహసీల్దారు నిరభ్యంతర పత్రం నకళ్లు అడగండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. పంచాయతీలో అడిగితే ఫీజే లేదు. లేఅవుట్ సంగతి మీ పట్టణాభివృద్ధి సంస్థలో అడగాలి.

అసలు కీలకం పర్యావరణ అనుమతి. 5 హెక్టార్ల లోపు లీజుకైనా అది తప్పనిసరని సుప్రీంకోర్టు 2012లో దీపక్ కుమార్ కేసులో చెప్పింది. దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైట్ 'పరివేష్' పోర్టల్‌లో కనిపిస్తుంది, వారానికోసారి చూస్తుండండి. చిన్న లీజుకు ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. అందుకే ఒకే కొండను ముక్కలుగా అడుగుతుంటారు. ఒకదానికొకటి 500 మీటర్ల లోపు దూరంలో ఉన్న లీజులను ఒకే క్లస్టర్‌గా (గుంపుగా) లెక్కగట్టాలి (పాత లీజులకు కొన్ని మినహాయింపులున్నాయి). మొత్తం 5 హెక్టార్లు దాటితే ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాల్సిందే, దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి. సభలో ఆవేశంగా మాట్లాడితే సరిపోదు, అభ్యంతరం రాసిచ్చి రసీదు తీసుకోండి.

అనుమతి వచ్చేస్తే పర్యావరణ కేసులు చూసే, చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు చేయాలి. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. అది కూడా దాటితే ట్రిబ్యునల్ తీసుకోదు. చాలా ఊళ్లు ఓడిపోయేది ఇక్కడే. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు ఇస్తూ కూర్చుంటే ఈ గడువు ఆగదు.

అనుమతే లేకుండా తవ్వుతుంటే అది అప్పీలు కాదు, అదే ట్రిబ్యునల్‌లో వేసే వేరే దరఖాస్తు. దానికి తవ్వకం మొదలైన నాటి నుంచి 6 నెలల గడువుంటుంది. టిప్పర్లు తిరగడం మొదలైన రోజే తేదీతో ఫోటోలు తీసి పెట్టుకోండి.