గురువు చెయ్యి వేస్తేనే రబ్బీ అవుతారా?

ప్రశ్న: యూదుల మతగురువైన రబ్బీకి ఆ పదవి ఎవరిస్తారు? చర్చిలో బిషప్ తల మీద చేతులుంచినట్టు ఉంటుందా, పరీక్ష పాసైతే చాలా? రబ్బీ అయిపోయాక ఇక గురువుతో పనేముంటుంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పరీక్ష ఉంటుందండీ, కానీ పరీక్షించి పట్టా మీద సంతకం పెట్టేది కూడా గురువులే. దాన్ని సెమిఖా అంటారు, హీబ్రూలో చెయ్యి ఆనించడం అని అర్థం. సంఖ్యాకాండంలో మోషే యెహోషువ మీద చెయ్యి ఉంచాడు కదా, అక్కణ్ణుంచి గురువు నుంచి శిష్యుడికి అలా వస్తూ వచ్చిందని వాళ్ల నమ్మకం. చెయ్యి ఉంచడం మాత్రం పోయింది, "రబ్బీ" అని పిలిచి తీర్పు చెప్పే అనుమతి ఇస్తే చాలన్నారు.

ఈ విషయంలో నన్ను కదిలించే మనిషి యెహూదా బెన్ బావా అనే రబ్బీ. క్రీ.శ. 2వ శతాబ్దంలో రోమన్లు సెమిఖాను నిషేధించారు, ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మరణశిక్ష, ఇచ్చిన ఊరు నేలమట్టం. ఏ ఊరికీ ముప్పు రాకూడదని ఈయన గలిలయలో ఊషా, షెఫారం ఊళ్ల మధ్య, రెండు కొండల నడుమ కూర్చుని ఐదుగురు శిష్యులకు సెమిఖా ఇచ్చాడని యూదుల ధర్మచర్చల గ్రంథం తల్మూద్ చెబుతుంది. సైనికులు వచ్చేస్తున్నారు. "పరిగెత్తండి నాయనా" అన్నాడు. మరి మీరో అంటే, ఎవరూ కదపలేని రాయిలా ఇక్కడే పడి ఉంటానన్నాడు. ఆయన ఒంట్లో 300 బల్లేలు దించారట. ఆ ఐదుగురూ బతికారు, తల్మూద్‌కు మూలమైన ధర్మసూత్రాల గ్రంథం మిష్నా తిరగేస్తే అడుగడుగునా వాళ్ల పేర్లే.

ఆ పాత పరంపర తర్వాత కొన్ని శతాబ్దాలకు తెగిపోయింది, ఇప్పుడిచ్చేది పేరుకు సెమిఖాయే అయినా గురువులిచ్చే అనుమతి పత్రమే. 1538లో గలిలయలోని సఫెద్ ఊళ్లో యాకోబ్ బెరాబ్ అనే రబ్బీ దాన్ని మళ్లీ మొదలుపెట్టబోతే యెరూషలేము రబ్బీ లేవీ ఇబ్న్ హబీబ్ గట్టిగా ఎదురు తిరిగాడు, అది నిలబడలేదు. అయితే బెరాబ్ చేతుల మీదుగా సెమిఖా పొందిన యోసెఫ్ కారో రాసిన యూదుల ధర్మశాస్త్ర గ్రంథం షుల్హన్ ఆరుఖ్ మీదే ఈనాటికీ సంప్రదాయ విద్యార్థులకు పరీక్ష. మాంసం, పాలు కలపకూడదన్నది వాళ్ల నియమం, మరి మాంసం ఉడుకుతున్న గిన్నెలో పాల చుక్క పడింది, కూర దానికి అరవై రెట్లు ఉందా లేదా, తినొచ్చా పారబోయాలా – ఇలాంటివి ఏళ్ల తరబడి చదవాలి!

ఇక గురువుతో పని అంటారా, తండ్రి వస్తువూ గురువు వస్తువూ రెండూ పోతే ముందు గురువుదే వెతకమంటుంది మిష్నా, తండ్రి ఈ లోకంలోకి తెచ్చాడు, గురువు రాబోయే లోకానికి చేరుస్తాడని (తండ్రి కూడా పండితుడైతే ఆయనదే ముందు). అలాగని తలూపుతూ కూర్చోవడం భక్తి కాదు. తల్మూద్‌లో కనిపించే రబ్బీ యోహానాన్ దగ్గర చదువుకుని ఆయనతో సమానంగా ఎదిగిన రేష్ లకీష్, ఆయనతోనే మాటామాటా పెరిగాక జబ్బుపడి చనిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన కొత్తాయన ప్రతి మాటకీ "మీరన్నదానికి ఇదిగో ఆధారం" అనేవాడు. యోహానాన్‌కి ప్రాణం విసిగిపోయింది. నేను ఒకటంటే రేష్ లకీష్ ఇరవై నాలుగు అభ్యంతరాలు చెప్పేవాడు, నేను ఇరవై నాలుగు జవాబులు వెతుక్కునేవాణ్ణి, నువ్వేమో నేనన్నది సరైందేనంటావు, అది నాకు తెలియదా అన్నాడు. బట్టలు చింపుకుని, లకీషా కొడుకా ఎక్కడున్నావు అని రేష్ లకీష్‌ని పిలుస్తూ ఏడుస్తూ తిరిగాడు.