ఖాళీ స్థలంలో సంత పెట్టాలంటే

ప్రశ్న: మేము కడపలో పది పొదుపు సంఘాల మహిళలం. సంక్రాంతికి ముందు వచ్చే నాలుగు ఆదివారాలు సాయంత్రం పూట వేరుశనగ చిక్కీలు, కొర్రల మురుకులు, పచ్చళ్లు, చీరలు అమ్ముకునేందుకు చిన్న సంత పెట్టాలనుకుంటున్నాము. తెలిసినవారు తమ ఖాళీ స్థలాన్ని అద్దె లేకుండా ఇస్తామన్నారు. సొంత స్థలం కనుక ఎవరి అనుమతీ అక్కర్లేదని కొందరు, కలెక్టరు దాకా వెళ్లాలని కొందరు అంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: రెండూ నిజం కావమ్మా. స్థలం సొంతదైనా, అందులో పదిమందిని కూర్చోబెట్టి జనాన్ని పిలిచి అమ్మకాలు సాగిస్తే అది ప్రైవేటు మార్కెట్టు కిందికి వస్తుంది. దానికి నగరంలో అయితే నగరపాలక సంస్థ కమిషనరు, గ్రామంలో అయితే 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామ పంచాయతీ అనుమతి ఇవ్వాలి. కనుక మొదట తేల్చుకోవలసింది ఆ స్థలం ఎవరి పరిధిలో ఉన్నదనే విషయం. ఊరి శివారు లేఅవుట్లలో రోడ్డుకు ఒక పక్క నగరం, మరో పక్క పంచాయతీ ఉండడం మామూలే. యజమానిని ఖాళీ స్థలం పన్ను రసీదు అడిగి చూడండి. దాని మీద ఏ సంస్థ పేరు ఉంటే మీ అర్జీ అక్కడికే వెళ్లాలి.

అర్జీలో తేదీలు, వేళలు, దుకాణాల సంఖ్య రాసి, యజమాని సమ్మతి పత్రాన్ని జతపరచండి. దానితోపాటు చేత్తో గీసినదైనా సరే ఒక పటం పెట్టండి. గేటు ఎక్కడ, దుకాణాల వరుసలు ఎక్కడ, ఫైరింజను లోపలికి రావడానికి దారి ఎంత వెడల్పు, స్కూటర్లు ఎక్కడ నిలుపుతారు, మరుగుదొడ్డి ఎక్కడ అన్నవి అందులో కనిపించాలి. పది పేజీల అర్జీ కంటే ఈ ఒక్క కాగితమే పనిని త్వరగా నడిపిస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే పోలీసులకు, అగ్నిమాపక శాఖకు ఇచ్చే అర్జీలకు కూడా ఇదే పటం నకలు సరిపోతుంది. పోలీసులు చూసేది రోడ్డు మీద వాహనాలు నిలిచిపోతాయా అనే విషయాన్ని. అగ్నిమాపక శాఖవారు చూసేది షామియానాలను, గ్యాసు పొయ్యిలను, కరెంటు తీగలను. మైకు పెట్టదలిస్తే దానికి వేరుగా రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 గంటల తర్వాత బహిరంగ స్థలంలో దానిని వాడరాదు. పక్కింటి మీటరు నుంచి తీగ లాక్కోకుండా ఎస్పీడీసీఎల్ వద్ద తాత్కాలిక కనెక్షను తీసుకోండి.

తినుబండారాలు అమ్మేవారి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆహార భద్రతా చట్టం కింద నమోదు సంత పేరున కాక, ఆ పదార్థాన్ని తయారుచేసి అమ్మే వ్యక్తి లేదా సంఘం పేరున ఉండాలి. చిక్కీలను ముందే తూచి ప్యాకెట్లు కట్టి అమ్మితే, ఒక్కొక్క ప్యాకెట్టు మీద తయారుచేసినవారి పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధర, ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరు ఉండాలి. విడిగా తూచి ఇస్తే ఈ చీటీ బెడద లేదు గాని, త్రాసు మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాను ఏడాదికి ఒకసారి, మామూలు త్రాసును, రాళ్లను రెండేళ్లకు ఒకసారి తనిఖీ చేయించాలి. కాటాకు బిగించిన చిన్న సీసపు బిళ్లను వెలుతురులో చూడండి, ముద్ర వేసిన సంవత్సరం దాని మీద కనిపిస్తుంది. అరువు తెచ్చిన కాటాలతోనే ఇటువంటి సంతల్లో చిక్కులు వస్తాయి.

చెత్త విషయంలో, వందమందికి మించి జనం కూడే కార్యక్రమాన్ని మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు తెలియజేయాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి; మీ అర్జీలోనే ఒక వాక్యంగా దీనిని చేర్చితే చాలు. 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించారు కనుక గుడ్డ సంచులు కుట్టించుకోండి. అవి కూడా అమ్ముడుపోతాయి.

ప్రశ్న: పన్నెండేళ్లుగా ఒకే వీధిలో తోపుడు బండి మీద పండ్లు అమ్ముతున్నాను. పోయిన నెల సిబ్బంది వచ్చి బండిని, పండ్లను ఎత్తుకుపోయారు. ముందుగా ఏమీ చెప్పలేదు. నాకు గుర్తింపు కార్డు లేదు. నేను ఏమి చేయగలను?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: మీకు వర్తించేది 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం. స్థానిక సంస్థ అయిదేళ్లకు ఒకసారైనా వీధి వ్యాపారుల సర్వే జరపాలి. ఆ సర్వే పూర్తయి అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదని 3వ సెక్షను చెబుతున్నది. కాబట్టి కార్డు లేకపోవడం ఒక్కటే మిమ్మల్ని తీసివేయడానికి కారణం కాజాలదు. తొలగించవలసి వచ్చినా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ గడువు దాటిన తర్వాత సరుకు స్వాధీనం చేసుకుంటే, దాని జాబితా రాసి, సంతకం చేసిన నకలు మీ చేతికి ఇవ్వాలి. జాబితా అంటే ‘పండ్ల బండి ఒకటి’ అని రాయడం కాదు. అరటి ఎన్ని గెలలు, దానిమ్మ ఎన్ని కిలోలు, కాటా, గొడుగు, బండి అని విడివిడిగా ఉండాలి. రుసుము కట్టి అడిగినప్పుడు పాడైపోయే సరుకును అదే రోజు, మిగిలినదానిని రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి.

నెల గడిచింది కనుక పండ్లు దక్కవు. బండి కోసం, కాటా కోసం ఈ చట్టాన్ని ఉదహరిస్తూ కమిషనరుకు అర్జీ ఇచ్చి, రెండో ప్రతి మీద స్వీకరణ ముద్ర వేయించుకోండి. మీ పట్టణ విక్రయ కమిటీకి కమిషనరే అధ్యక్షుడు, అందులో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే అయి ఉండాలి. సర్వేలో మీ పేరు చేర్చమని వారి ద్వారా కూడా అడగండి. పన్నెండేళ్ల వ్యాపారానికి సాక్ష్యంగా పాత ఆశీలు చీటీలు ఏవైనా ఉంటే, ఎంత నలిగినవైనా సరే, జిరాక్సు తీయించండి. ఒక హెచ్చరిక: మీరు నిలిచే చోటు రైల్వే స్థలమైతే ఈ చట్టం వర్తించదు. గుంతకల్లు వంటి రైల్వే ఊళ్లలో స్టేషను ప్రహరీకి ఏ పక్కన బండి ఉన్నదనేది పెద్ద విషయమే.

ప్రశ్న: దీపావళికి మైదానంలో రెండు వరుసల్లో ఎదురెదురుగా షామియానాలు వేసి టపాసుల దుకాణాలు పెట్టవచ్చునా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పెట్టరాదు. 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం షెడ్డు మంట అంటుకోని సామగ్రితో ఉండాలి కనుక గుడ్డ షామియానా పనికిరాదు, రేకులు వాడాలి. దుకాణాలు ఎదురెదురుగా ఉండకూడదు. ఒక్కొక్క షెడ్డుకు మధ్య కనీసం 3 మీటర్ల ఎడం, ఇళ్లు, బడుల వంటి వాటికి 50 మీటర్ల దూరం ఉండాలి. ఒక్క చోట 50 దుకాణాలకు మించరాదు. నూనె దీపాలు, గ్యాసు లైట్లు నిషిద్ధం. బల్బులను తీగకు వేలాడదీయకుండా గోడకు గాని పైకప్పుకు గాని బిగించి, ప్రతి వరుసకు ఒక మాస్టరు స్విచ్చి పెట్టించండి.